ఆర్గనైజరుకు ఫోను తగిలించుకోవాలా, విడిగా ఉంచుకోవాలా, రెండూ కలిసినదే కొనుక్కోవాలా

ఇది 2002 మొదట్లో రాసినది, ధరలూ కంపెనీల సంగతులూ అన్నీ అప్పటివే. శనివారం రాత్రి ఇండియాకు ఫోన్ చేయడం ఎంత తతంగమో అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. ముందుగానే డబ్బు కట్టి కొనుక్కున్న కాలింగ్ కార్డు మీద ఉన్న 800 నంబరు, అంటే ఉచితంగా కలిసే నంబరు, మొదట నొక్కాలి. అవతల రికార్డు చేసిన గొంతు అడిగినప్పుడు పిన్ను అంకెలన్నీ తప్పు లేకుండా నొక్కాలి. ఆ తరువాత విదేశానికి 011, ఇండియాకు 91, హైదరాబాదుకు 40, ఆపైన ఇంటి నంబరు. మామూలు సెల్ ఫోనుతో ఈ పని చేయాలంటే ఒక చేతిలో ఫోను, మరో చేతిలో కార్డు, నంబరు గుర్తు లేకపోతే ఒళ్ళో చిరునామాల పుస్తకం ఉండాలి. ఏడాదిగా నేను దీనికి ఒకే పరికరం వాడుతున్నాను. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మెమోలో రాసుకున్న పిన్నును ఒకసారి చూసుకుని, ఫోన్ తెరకు తిరిగి వచ్చి ఆ అంకెల మీద స్టైలస్ అనే పుల్లతో నొక్కుతాను. మెమోకూ ఫోన్ తెరకూ మధ్య ఎన్నిసార్లు తిరిగినా లైను తెగదు. ఆ పరికరం హ్యాండ్‌స్ప్రింగ్ వారి వైజర్ ఆర్గనైజరు, అంటే తేదీలు, చిరునామాలు, మెమోలు దాచుకునే అరచేతి కంప్యూటరు, దాని వీపు వైపు గాడిలో దూర్చిన వైజర్‌ఫోన్ మాడ్యూలు.

ఇప్పుడు, అంటే ఈ 2002 మొదట్లో, ఆర్గనైజరూ ఫోనూ రెండూ కావాలనుకునే మనిషి ముందు మూడు దారులున్నాయి. ఉన్న ఆర్గనైజరుకే ఫోను మాడ్యూలు తగిలించుకోవచ్చు. ఆర్గనైజరు ఒక జేబులో, సెల్ ఫోను మరో జేబులో పెట్టుకుని, అవసరమైనప్పుడు ఇన్‌ఫ్రారెడ్ అనే కంటికి కనిపించని కాంతి ద్వారా రెండింటినీ కలపవచ్చు. లేదా పుట్టుకతోనే రెండూ ఒకటైన పరికరాన్ని కొనుక్కోవచ్చు. దుకాణాలలోనూ ప్రకటనలలోనూ ఈ మూడింటినీ తెర రంగులతోనూ మెమరీతోనూ పోలుస్తున్నారు. అవి చూడవలసినవే, కాని ఎంపిక వాటి మీద ఆధారపడదని నా అనుభవం. ఒక భాగం ఆగిపోయినప్పుడు రెండో భాగం మీ చేతిలో పని చేస్తూ ఉండాలా అనేదే మొదట తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ జవాబును బట్టి మిగతా లెక్కలు వాటంతట అవే తేలుతాయి.

మాడ్యూలు అసలు ఎలా పని చేస్తుంది

పామ్ పైలట్ అనే ఆర్గనైజరును జనంలోకి తెచ్చిన జెఫ్ హాకిన్స్, డోనా డుబిన్‌స్కీ, ఎడ్ కాలిగన్ 1998లో పామ్ సంస్థ నుంచి బయటకు వచ్చి హ్యాండ్‌స్ప్రింగ్‌ను స్థాపించారు. 1999 సెప్టెంబరులో వైజర్‌ను ప్రకటించారు. లోపల నడిచేది పామ్ ఆర్గనైజర్లను నడిపే పామ్ ఓఎస్సే కనుక తేదీల పుస్తకం, చిరునామాలు, చేయవలసిన పనుల జాబితా, మెమోలు అన్నీ పామ్‌లో ఉన్నట్టే ఉంటాయి. తేడా అంతా వెనుక పై భాగంలో ఉన్న స్ప్రింగ్‌బోర్డ్ గాడిలో ఉంది. ఆ గాడిలో దూర్చే ప్రతి మాడ్యూలూ తనకు కావలసిన ప్రోగ్రామును తన జ్ఞాపకంలోనే మోసుకొస్తుంది. దూర్చగానే ఆ ప్రోగ్రాము తెర మీద ప్రత్యక్షమవుతుంది, తీయగానే మాయమవుతుంది. కంప్యూటరు నుంచి ఏదీ ఎక్కించుకోనక్కరలేదు. కెమెరా, ఎంపీ3 ప్లేయరు, జీపీఎస్, మోడెమ్, అదనపు మెమరీ, ఇలా రకరకాల మాడ్యూళ్ళు ఈ గాడి కోసం వచ్చాయి. వైజర్ ముఖం మీద కింది భాగాన ఒక సన్నని రంధ్రం ఉంది. అది మైకు. ఫోను మాడ్యూలు అమ్మకానికి రాకముందే, మొదటి వైజర్లలోనే దానిని పెట్టారు. రాబోయే అవసరాన్ని ఏడాది ముందే ఊహించి పరికరంలో చోటు కల్పించిన ఆ ముందుచూపు నాకు ఈనాటికీ నచ్చుతుంది.

వైజర్‌ఫోన్‌ను 2000 సెప్టెంబరులో ప్రకటించి ఆ ఏడాది చివరికి అమ్మకానికి తెచ్చారు. మొదట్లో కొత్త కనెక్షనుతో కలిపి తీసుకుంటే 299 డాలర్లు, కనెక్షను లేకుండా అయితే 499 డాలర్లు పెట్టారు. ఆ తరువాత ధర బాగా తగ్గించారు. సిమ్ కార్డు మాడ్యూలులోకి వెళుతుంది. మాట వినిపించే స్పీకరు మాడ్యూలులో ఉంటుంది, మాట్లాడే మైకు మాత్రం వైజర్‌దే. మాడ్యూలుకు సొంతంగా లిథియం అయాన్ బ్యాటరీ ఉంది. దానికి వేరే చార్జరు పెట్టాలి. మాట్లాడే సమయం కంపెనీ లెక్క ప్రకారం సుమారు 3 గంటలు, కాని సిగ్నలు బలహీనంగా ఉన్న చోట అంతసేపు రాదనుకుని చార్జరు వెంట ఉంచుకోవడం మంచిది.

దీనితో దొరికే సుఖం చిరునామాల పుస్తకంలోనే ఉంది. నాలుగు వందల పేర్లున్న పుస్తకంలో మొదటి రెండు మూడు అక్షరాలు రాస్తే పేరు దొరుకుతుంది, దాని పక్కనున్న నంబరు మీద తాకితే ఫోను కలుస్తుంది. ఎవరైనా చేసినప్పుడు నంబరుకు బదులు పుస్తకంలో ఉన్న పేరే తెర మీద కనిపిస్తుంది. మాట్లాడుతూనే తేదీల పుస్తకం తెరిచి, వచ్చే గురువారం మధ్యాహ్నం ఖాళీ ఉందో లేదో చూసి, అక్కడికక్కడే రాసుకోవచ్చు. ఇలా చేయాలంటే ఇయర్‌ఫోన్ తప్పనిసరి, ఎందుకంటే పరికరం చెవి దగ్గర ఉంటే తెర కంటికి ఆనదు. ఒకేసారి ముగ్గురితో మాట్లాడటం, వచ్చిన ఫోన్ల చిట్టా, తరచుగా చేసే నంబర్లను ఒక తెర మీద వరసగా పెట్టుకోవడం కూడా ఇందులో సులభం. మామూలు సెల్ ఫోనులో మెనూల లోతున దాగి ఉండి ఎవరూ వాడని సదుపాయాలు ఇక్కడ కళ్ళ ముందు పేర్లతో కనిపించడం వల్ల వాడుకలోకి వస్తాయి. పొట్టి సందేశాలు తెర మీద స్టైలస్‌తో గీసే గ్రాఫిటి అక్షరాలతో రాయడం అంకెల మీటలను మూడేసి సార్లు నొక్కడం కంటే ఎంతో నయం. అయితే 2002 మొదట్లో అమెరికాలో ఒక కంపెనీ ఫోను నుంచి మరో కంపెనీ ఫోనుకు సందేశాలు చాలావరకు వెళ్ళేవి కావు కనుక ఈ సదుపాయాన్ని చూసి కొనకండి. తెలుగు అక్షరాలు పామ్ ఓఎస్‌లో లేవు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే రాసుకోవాలి. ఈ లోటు మూడు దారులలోనూ ఉన్నదే.

చెవికి ఆనించి మాట్లాడటం మాత్రం అంత హాయిగా ఉండదు. వైజర్ సుమారు 153 గ్రాములు. ఫోను కూడా చేరితే పావుకిలోకు దగ్గరపడుతుంది. వెడల్పు ఎక్కువ కనుక అరచేతిలో పట్టు కుదరడానికి కొంతకాలం పడుతుంది. వేసవిలో పది నిమిషాలు మాట్లాడితే తెర మీద చెంప చెమట అచ్చు పడుతుంది, తుడుచుకుంటే గాని అక్షరం కనిపించదు. చొక్కా జేబులో పెడితే జేబు వేలాడుతుంది. నడుముకు పెట్టుకునే తొడుగు కొనుక్కోవలసిందే. రోజుకు ఇరవై ముప్పై ఫోన్లు చేసేవారికీ, డ్రైవింగులో ఎక్కువసేపు గడిపేవారికీ ఈ బరువు చిన్న విషయం కాదు.

రెండు బ్యాటరీల కథ

ఫోను బ్యాటరీ వేరు, ఆర్గనైజరు బ్యాటరీ వేరు కావడాన్ని ప్రకటనలలో గొప్ప సౌకర్యంగా చెబుతారు. ఒక వైపు నుంచి చూస్తే అది నిజమే. ఎంతసేపు మాట్లాడినా తేదీల పుస్తకం చచ్చిపోదు. మాడ్యూలు చార్జి అయిపోతే దానిని తీసి పక్కన పెట్టి ఆర్గనైజరును మామూలుగా వాడుకోవచ్చు. రెండో వైపు నుంచి చూస్తే, ఆర్గనైజరు లేకుండా మాడ్యూలుకు తెర లేదు, అంకెల మీటలు లేవు, మైకు లేదు. అది ఫోను కాదు, ఫోనులో సగం మాత్రమే. ఈ సంగతి నాకు నా అజాగ్రత్త వల్లే తెలిసివచ్చింది.

నిరుడు ఒక వారం ప్రయాణం చేసి రాత్రి పదకొండు గంటలకు నెవార్క్ విమానాశ్రయంలో దిగాను. తీసుకువెళ్ళడానికి వస్తానన్న మిత్రుడికి ఫోన్ చేద్దామని తీస్తే వైజర్ వెలగలేదు. బ్యాటరీ తక్కువగా ఉందన్న హెచ్చరిక అంతకు రెండు రోజుల ముందే కనిపించినా, ఇంటికి వెళ్ళి మార్చుకోవచ్చులెమ్మని ఊరుకున్నాను. మాడ్యూలులో చార్జి నిండుగా ఉంది, కాని దాన్ని పలికించే తెర నిద్రపోయింది. అక్కడే దుకాణంలో ట్రిపుల్ ఏ బ్యాటరీలు దొరికాయి. తొందరలో పాత రెండింటినీ ఒకేసారి ఊడదీసి, కొత్త వాటి ప్లాస్టిక్ కవరును గోళ్ళతో చించడానికి తంటాలు పడ్డాను. అది తెగడానికి రెండు నిమిషాలైనా పట్టి ఉంటుంది. వైజర్‌లో మనం రాసుకున్నదంతా కరెంటు ఉన్నంత వరకే నిలిచే జ్ఞాపకంలో ఉంటుంది. బ్యాటరీలు తీసిన తరువాత అది ఆగేది ఒక్క నిమిషం పాటే. కొత్తవి వేసి మీట నొక్కితే దుకాణంలో కొన్న రోజున కనిపించిన స్వాగత తెర వచ్చింది. ఫోను ప్రోగ్రాము మాడ్యూలులోనే ఉంటుంది కనుక అది చక్కగా పని చేస్తూనే ఉంది. సిగ్నలు కూడా నిండుగా ఉంది. చేయవలసిన నంబరే లేదు, ఎందుకంటే నాలుగు వందల పేర్లూ తుడిచిపెట్టుకుపోయాయి. నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, ఇంటిది. అక్కడికి చేసి, ఇంట్లోవారి చేత మిత్రుడికి చేయించుకున్నాను.

మర్నాడు వైజర్‌ను కంప్యూటరుకు కలిపి, అందులో దాచిన నకలుతో హాట్‌సింక్ చేయగానే వారం కిందటి వరకు ఉన్న సమాచారమంతా తిరిగి వచ్చింది. అప్పటి నుంచి మూడు అలవాట్లు చేసుకున్నాను. మాడ్యూలు దారి ఎంచుకునేవారు వీటిని మొదటి రోజు నుంచే పాటిస్తే మంచిది. బ్యాటరీలు మార్చే ముందు కొత్త వాటి కవరు చించి చేతిలో సిద్ధంగా పెట్టుకోవాలి. రోజూ రాత్రి ఒకసారి హాట్‌సింక్ చేయాలి. ముఖ్యమైన ఐదారు నంబర్లు కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవాలి. వైజర్ ప్రిజమ్, వైజర్ ఎడ్జ్ రకాలలో లోపలే చార్జి అయ్యే బ్యాటరీ ఉంది కనుక ఈ ట్రిపుల్ ఏ బెడద లేదు, కాని ప్రయాణంలో రెండు చార్జర్లు మోయవలసి వస్తుంది. పైగా ఎడ్జ్ పలుచగా ఉండటం కోసం స్ప్రింగ్‌బోర్డ్ గాడిని విడిగా తగిలించే అడాప్టరుగా మార్చారు. అడాప్టరూ, దాని మీద ఫోనూ ఎక్కితే ఆ పలుచదనం మిగలదు. ఫోను కోసమే వైజర్ కొనేవారు ఎడ్జ్ జోలికి వెళ్ళకపోవడం మేలు.

ఆర్గనైజరులో మనం ఎక్కించుకునే చిన్న చిన్న ప్రోగ్రాముల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక ప్రోగ్రాము నా వైజర్‌ను తరచుగా బిగుసుకుపోయేలా చేసేది. ఉత్త ఆర్గనైజరు బిగుసుకుంటే వెనుక ఉన్న సన్నని రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేసుకుని పని కొనసాగిస్తాం. అదే పరికరం ఫోను కూడా అయినప్పుడు, అత్యవసరంలో 911 నొక్కవలసిన తెర బిగుసుకుపోతే ఏమిటన్న ఆలోచన వస్తుంది. అందుకే ఫోను తగిలించిన వైజర్‌లో బాగా పరీక్షకు నిలిచిన ప్రోగ్రాములు తప్ప మరేమీ ఉంచకూడదని నా గట్టి అభిప్రాయం.

సిగ్నలు ముందు, సదుపాయం తరువాత

పరికరం ఎంత నచ్చినా మీ ఊళ్ళో దానికి సిగ్నలు లేకపోతే అది అలంకారమే. వైజర్‌ఫోన్ సెల్ ఫోన్ల సిగ్నలు నడిచే పద్ధతులలో ఒకటైన జీఎస్ఎమ్ మీద పని చేస్తుంది. 2002 మొదట్లో అమెరికాలో జీఎస్ఎమ్ 1900 మెగాహెర్ట్జ్ మీద నడిచేది, అదీ అన్ని కంపెనీలలో లేదు. వెరైజన్, స్ప్రింట్ సీడీఎంఏ అనే వేరే పద్ధతి వాడేవి. ఏటీ అండ్ టీ వైర్‌లెస్ చాలాకాలంగా టీడీఎంఏ అనే మరో పద్ధతి వాడుతూ 2001లోనే జీఎస్ఎమ్ మొదలుపెట్టింది. వాయిస్‌స్ట్రీమ్ పూర్తిగా జీఎస్ఎమ్. సింగ్యులర్ కాలిఫోర్నియా వంటి కొన్ని చోట్ల జీఎస్ఎమ్, మరికొన్ని చోట్ల టీడీఎంఏ వాడేది. ఈ లెక్కన న్యూజెర్సీలోనో, శాన్ హోసే చుట్టుపక్కలనో ఉండేవారికి ఇబ్బంది తక్కువ. ఊరు దాటి హైవే ఎక్కి గంటల తరబడి ప్రయాణించేవారికి మధ్యలో చాలా దూరం సిగ్నలు ఉండకపోవచ్చు. మీరు పని చేసే చోట, ఉండే ఇంట్లో, వారాంతంలో వెళ్ళే గుడి దగ్గర సిగ్నలు ఉందో లేదో అదే కంపెనీ ఫోను ఉన్న మిత్రుడిని వెంటబెట్టుకుని చూసుకోండి. కంపెనీ ఇచ్చే మ్యాపులో రంగు పూసినంత మాత్రాన మీ వంటింట్లో సిగ్నలు ఉంటుందని కాదు. వైజర్‌కు సీడీఎంఏ మాడ్యూలు కూడా ఉంది. ఎయిర్‌ప్రైమ్ తయారు చేసిన దానిని స్ప్రింట్ తన సర్వీసుతో ఇస్తోంది. జీఎస్ఎమ్ అందని ఊళ్ళో ఉండి, వైజర్‌ను వదులుకోలేనివారు దానిని చూడవచ్చు.

ఇండియాకు తీసుకువెళ్ళాలనుకునేవారికి మరో లెక్క ఉంది. అక్కడ హైదరాబాదుతో సహా జీఎస్ఎమ్ సేవలు మొదలైనది 900 మెగాహెర్ట్జ్ మీద. అమెరికాలో కొన్న పరికరం 1900తో పాటు 900 కూడా అందుకుంటుందో లేదో పెట్టె మీద చదివి, దుకాణదారుని అడిగి, రెండూ సరిపోలితేనే కొనండి. సిమ్ లాక్ ఉందా, అంటే ఒకే కంపెనీ సిమ్‌కు కట్టుబడి ఉందా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. చార్జరు మీద 110 వోల్టులని మాత్రమే రాసి ఉంటే మన ఇళ్ళలోని 220 వోల్టుల ప్లగ్గులో పెట్టకూడదు. 2002 మొదట్లో ఇండియాలో వచ్చే ఫోనుకు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది కనుక, చేసినవారి పేరు తెర మీద చూసి ఎత్తాలో వద్దో నిర్ణయించుకునే సౌకర్యానికి అక్కడ ఇంకా ఎక్కువ విలువ ఉండేది.

రెండూ విడివిడిగా ఉంచుకోవడం

ఇది పాత పద్ధతి అని చాలామంది తీసిపారేస్తున్నారు, నేను మాత్రం తీసిపారేయను. పామ్‌లోనూ వైజర్‌లోనూ ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ ఉన్న ఫోను, ఉదాహరణకు అమెరికాలో దొరికే నోకియా 8290, మీ దగ్గర ఉంటే రెండు కళ్ళనూ ఎదురెదురుగా ఒక మీటరు లోపు పెట్టి ఒకదాని సమాచారం మరొకదానికి పంపవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ మోడెమ్‌గా పని చేసే ఫోను అయితే ఆర్గనైజరులో ఈమెయిలు కూడా చూసుకోవచ్చు. బల్ల మీద పెట్టి చేసేటప్పుడు ఇది బాగానే ఉంటుంది. రైల్లో, కారులో పక్క సీట్లో కూర్చుని చేసేటప్పుడు కుదుపుకు కళ్ళు తప్పిపోయి లైను తెగుతుంది. ఎరిక్సన్ టీ39 వంటి కొత్త ఫోన్లలో బ్లూటూత్ వచ్చింది. దానితో ఫోను జేబులో ఉండగానే పని జరుగుతుంది, కాని ఆర్గనైజరు వైపు కూడా బ్లూటూత్ ఉండాలి కదా. అది ఇప్పటికి ఖరీదైన వ్యవహారమే.

ఈ దారిలో ఉన్న బలం స్వాతంత్ర్యం. ఫోను కింద పడి పగిలితే ఆర్గనైజరు మిగులుతుంది, ఆర్గనైజరు పోతే ఫోను మిగులుతుంది. వచ్చే ఏడాది మెరుగైన ఫోను వస్తే దానిని మాత్రమే మార్చుకోవచ్చు. కనెక్షనుతో పాటు చిన్న ఫోనును ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇస్తున్నారు కనుక ఖర్చు కూడా ఇందులోనే తక్కువ. ఒక సెల్ ఫోను ఇంట్లో ఇద్దరు వాడుకునే సంసారాలకు కూడా ఇదే నప్పుతుంది, ఎందుకంటే భార్య బయటికి వెళుతూ ఫోను తీసుకువెళితే భర్త రోజు ప్రణాళిక కూడా దానితో పాటు వెళ్ళిపోకూడదు. బలహీనత ఏమిటంటే నంబర్లు రెండు చోట్ల ఉంటాయి, రెండు చోట్లా సరిగా ఉండవు. ఊరు మారిన తమ్ముడి కొత్త నంబరు ఆర్గనైజరులో రాసుకుంటాం, ఫోనులో పాతదే ఉండిపోతుంది. రోజూ పది మందికి చేసేవారికి ఇది చిరాకు. రోజుకు రెండు మూడు ఫోన్లు చేసేవారికి అసలు సమస్యే కాదు.

పుట్టుకతోనే ఒకటైనవి

క్యోసెరా క్యూసీపీ 6035 2001లో వచ్చింది. పామ్ ఓఎస్ 3.5, 8 మెగాబైట్ల మెమరీ, సీడీఎంఏ. తెర మీద తెరుచుకునే మూత మీదే అంకెల మీటలుంటాయి, మూత వేస్తే మామూలు ఫోనులా కనిపిస్తుంది. చీకట్లో తడుముకుని నంబరు నొక్కగలగడం దీనిలో పెద్ద సుఖం. అంకెల మీటలు లేని వైజర్‌ఫోన్‌కు అది చేతకాదు. శామ్‌సంగ్ ఎస్‌పీహెచ్ ఐ300లో రంగుల తెర ఉంది, అంకెలు తెర మీదే నొక్కాలి. యూరప్‌లో నోకియా కమ్యూనికేటర్లూ ఎరిక్సన్ ఆర్380 ఉన్నాయి, కాని పామ్ ప్రోగ్రాములకు అలవాటుపడినవారికి అవి వేరే లోకం.

అసలు ప్రశ్న ట్రియో గురించి. హ్యాండ్‌స్ప్రింగే 2002 మొదట్లో ట్రియో 180ను తెచ్చింది. జీఎస్ఎమ్ ఫోను, 16 మెగాబైట్లు, నలుపు తెలుపుల తెర, బొటనవేళ్ళతో కొట్టే చిన్న కీబోర్డు. కనెక్షనుతో కలిపి అప్పటి ధర 399 డాలర్లు. మూత తెరిస్తే ఫోను సిద్ధం, మూస్తే మాట ముగిసినట్టే. వైజర్‌ఫోన్‌లో నేను మెచ్చుకున్నదంతా, అంటే పేరు రాసి నంబరు పట్టుకోవడం, మాట్లాడుతూ తేదీలు చూడటం, చిట్టాలు, అన్నీ ఇందులో ఉన్నాయి, పైగా అరచేతిలో ఇమిడే ఆకారంలో ఉన్నాయి. లేనిది స్ప్రింగ్‌బోర్డ్ గాడి. కెమెరా, జీపీఎస్ మాడ్యూళ్ళు కొన్నవారికి అవి ట్రియోతో పనికిరావు. బ్యాటరీ లోపలే బిగించి ఉంది కనుక అది అయిపోతే ఫోనూ ఆర్గనైజరూ ఒకేసారి ఆగిపోతాయి, దారిలో కొన్న బ్యాటరీలతో బతికించుకునే వీలు లేదు. మరమ్మతుకు ఇస్తే రెండూ ఒకేసారి చేతి నుంచి వెళ్ళిపోతాయి.

విమానంలో కూడా ఈ తేడా తెలుస్తుంది. ఫోను మాడ్యూలు ఊడదీసి సంచిలో వేసుకుంటే వైజర్ మళ్ళీ ఉత్త ఆర్గనైజరు. ఎవరికీ అభ్యంతరం ఉండదు, ప్రయాణమంతా నోట్సు రాసుకోవచ్చు. ఒకటైన పరికరంలో రేడియోను విడిగా ఆపే వీలున్నా, ఫోనులా కనిపించే వస్తువును పూర్తిగా కట్టేయమని సిబ్బంది అడిగితే మీరు వాదించలేరు. లోపలికి ఫోన్లు తీసుకురానివ్వని ఆఫీసులలో పని చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

అయితే ఎవరు ఏది కొనాలి

వైజర్ ఇప్పటికే చేతిలో ఉండి, దానిలో ఏళ్ళ తరబడి సమాచారం పేర్చుకున్నవారు, జీఎస్ఎమ్ సిగ్నలు బాగా ఉన్న ఊళ్ళో ఉంటే, మాడ్యూలు తీసుకోవడానికి సందేహించనక్కరలేదు. తగ్గిన ధరకు అది మంచి బేరం. మాడ్యూలు ఉన్నంత సేపూ గాడి నిండిపోతుంది కనుక, అదే గాడిలో కెమెరానో బ్యాకప్ మాడ్యూలునో తరచుగా వాడేవారు మాత్రం ఆలోచించుకోవాలి. కెమెరా పెట్టడానికి ఫోను తీసినంత సేపూ మీకు ఫోన్లు రావు. ఇంటి దగ్గర చిన్న పిల్లలో పెద్దవాళ్ళో ఉండి ఎప్పుడు ఫోను వస్తుందోనని చూసేవారికి ఇది సరిపడదు.

వైజర్ లేనివారు ఫోను కోసం ఇప్పుడు వైజరూ మాడ్యూలూ రెండూ కొత్తగా కొనడం నాకు సమ్మతం కాదు. వైజర్ నియో అనే రకం ధర 2002 మొదట్లో 199 డాలర్లు. దానికి మాడ్యూలు ధర, రెండో చార్జరు, తొడుగు కలిపి చూసుకుంటే ట్రియోకు దగ్గరగా వస్తారు. బరువు మాత్రం వైజర్‌దే ఎక్కువ. కంపెనీ చూపు కూడా ట్రియో వైపే మళ్ళింది. రెండేళ్ళ తరువాత మాడ్యూలు బ్యాటరీ నిలవకపోతే కొత్తది దొరకడం కష్టం కావచ్చు. ఇలాంటివారు జీఎస్ఎమ్ అందితే ట్రియోను, సీడీఎంఏ మాత్రమే అందితే క్యోసెరాను చూడాలి.

ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నవారికి, ఆరు నెలల్లో ఏ ఊళ్ళో ఉంటామో తెలియనివారికి నా సలహా విడివిడిగా ఉంచుకోమనే. ఈ ఏడాది మనవాళ్ళలో ఇలాంటివారు ఎందరో ఉన్నారు. కొత్త ఊళ్ళో వేరే కంపెనీ సిగ్నలు బాగుంటే ఫోను ఒక్కటే మార్చుకుంటే చాలు. నాలుగు వందల పేర్లున్న ఆర్గనైజరు మీతోనే వస్తుంది. పామ్ అయినా వైజర్ అయినా ఇన్‌ఫ్రారెడ్ ఉన్న చిన్న ఫోనుతో కలిపి వాడుకోండి. ముఖ్యమైన పాతిక నంబర్లు మాత్రం ఫోనులో కూడా పెట్టుకుని నెలకొకసారి సరిచూసుకోండి.

ఈమెయిలు కోసం కొనాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. వైజర్‌ఫోన్ ద్వారా ఇంటర్నెట్ అంటే డయల్ చేసి కలుపుకోవడమే. జీఎస్ఎమ్ మీద ఆ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు, అంటే దాదాపు ఒక కిలోబైటు. కలిసేందుకు పట్టే సమయంతో సహా ప్రతి నిమిషమూ మీ నెలవారీ నిమిషాలలోంచే పోతుంది. నాలుగు వరసల ఉత్తరం చదవడానికి చాలు, వెబ్ పేజీలు తెరవడానికి చాలదు.

వాడిన మాడ్యూలును మరొకరి దగ్గర కొంటున్నట్లయితే దానిని మీ వైజర్‌లోనే దూర్చి, మీ సిమ్ వేసి, ముందు చెవికి ఆనించి, తరువాత ఇయర్‌ఫోన్‌తో కనీసం పది నిమిషాలు మాట్లాడి చూడండి. మైకు మీ వైజర్‌ది కనుక అవతలివారికి మీ మాట సన్నగా వినిపిస్తుంటే మాడ్యూలును తప్పుపట్టే ముందు వైజర్ ముఖం మీద కింది భాగాన ఉన్న ఆ రంధ్రంలో దుమ్ము చేరిందేమో చూడండి. బ్యాటరీని రాత్రంతా చార్జి చేసి, మర్నాడు సాయంత్రానికి ఎంత మిగిలిందో చూసుకునే వరకు మొత్తం డబ్బు ఇవ్వకండి.